నాయిన ఓడిపోయిన రోజు

పక్క ఫ్లాట్‌లో కర్పూరం వెలిగిస్తే నేనిప్పటికీ తలుపు తీసి మెట్ల వైపు చూస్తాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా కిరాయి ఇంటి ఓనరు, విజయవాడ ఆంటీ, హారతిచ్చి ఆ వాసనతోనే మెట్ల మీదికొచ్చేది. దేవుడు లేడని నాయిన, ఉన్నాడని ఆమె రోజూ వాదించుకునేవారు. ఎప్పుడూ నాయినే గెలిచేవాడు.

తెలంగాణ బంద్ రోజున అమ్మకు ఊపిరాడలేదు. రోడ్డు మీద ఒక్క ఆటో లేదు. నాయిన గెలవడం వల్లే దేవుడు లేకుండా పోయాడనుకుని, "నువ్వు ఓడిపో నాయినా" అని ఆయన కాళ్లు పట్టుకున్నాను.

నాయిన ఆంటీ గుమ్మంలో నిలబడి, "నువ్వే గెలిచినవక్కా. జర హారతియ్యి" అన్నాడు.

"హారతి తర్వాత తమ్ముడూ. ముందు కుర్చీ పట్టు" అంది ఆంటీ. అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరూ దవాఖానకు మోసుకెళ్లారు.

అమ్మ తిరిగి రాలేదు. ఆ తర్వాత కూడా వాళ్లిద్దరూ మెట్ల మీద కూర్చునేవారు. దేవుడి మాట మాత్రం ఎత్తేవారు కాదు. ఎవరు గెలిచినా అవతలి మనిషి తట్టుకోలేరని ఇద్దరికీ తెలుసు.