అరుగు మీద వాన కబురు

తడిసి ముక్కిన మిరపకాయల వాసన ఎండుమిర్చి ఘాటులా తుమ్ము తెప్పించదు. పుల్లగా, బూజుగా గొంతులోకి దిగి అక్కడే ఉండిపోతుంది. మొన్న జగ్గయ్యపేట వెళ్లినప్పుడు ఎవరో వానకు తడిసిన బస్తాలు విప్పి రోడ్డు పక్కన ఆరబోస్తుంటే, ఆ వాసన ఆటోలోకి గుప్పున కొట్టింది. నా చిన్ననాటి ధనుర్మాసం ఒకటి గుర్తొచ్చి మనసు చేదైపోయింది.

మా నాన్నది మిర్చి టోకు వ్యాపారం. వీధి వైపు పొడవాటి అరుగు, దాని వెనక కొట్టు, కొట్టు వెనక మేముండే ఇల్లు, పెరట్లో గోడౌను. చలికాలం పొద్దుల్లో అమ్మ వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు పెట్టేది. పొంగలిలో వేగే మిరియాల వాసనా, గోడౌను ఘాటూ కలిసి ముక్కుకు తగిలి, మేం పిల్లలం తుమ్ముతూనే నిద్ర లేచేవాళ్లం. బళ్లు వచ్చే రోజుల్లో రైతులు మాకోసం కాల్చిన తేగలో, చెరుకు ముక్కలో, ఉడకేసిన కందికాయలో తెచ్చేవారు. అవి తింటూ బస్తాల మధ్య దాగుడుమూతలు ఆడి, కళ్లు నలుపుకుని మండించుకుని, ఏడుస్తూ అమ్మ దగ్గరికి పరిగెత్తేవాళ్లం. అమ్మ చల్లటి మజ్జిగలో గుడ్డ ముంచి కళ్లమీద వేసేది.

మా వీధికి మొదటి రేడియో నాన్నే కొన్నాడు. వేడెక్కితేగాని పలకని చెక్కపెట్టె అది. పలికేముందు దాని నుదుట చిన్న ఆకుపచ్చ దీపం వెలిగేది. సాయంత్రం దాన్ని కిటికీలో పెట్టి అరుగు వైపు తిప్పేవాడు. నందిగామ నుంచీ, పెనుగంచిప్రోలు నుంచీ సరుకు తెచ్చిన రైతులు ఎడ్లకు చొప్ప వేసి, చుట్టలు ముట్టించి, అరుగు నిండా చేరేవారు. పాటలయ్యాక బజారు ధరలు, చివర్న వాతావరణం చెప్పేవారు. బంగాళాఖాతం, ఆగ్నేయం, అల్పపీడనం అంటుంటే అందరూ నాన్న మొహం వంక చూసేవారు. అది బందరు నుంచి ఎంత దూరంలో ఉందో, మన మెట్టకు చినుకు ఎప్పటికి చేరుతుందో నాన్న విడమరిచి చెబితే, ఆ మాట పట్టుకుని వెళ్లి కళ్లాల్లో కాయ ఎత్తేసుకునేవారు. పంచాంగం తప్పినా శెట్టిగారి మాట తప్పదనేవారు. అమ్మ తలుపు వెనక వత్తులు చేసుకుంటూ పాటలు వినేది.

ఆ రైతుల్లో సీతయ్య మామయ్య మాకు బాగా కావలసినవాడు. మున్నేటి ఒడ్డున రెండెకరాలు కౌలుకు చేసేవాడు. అమ్మను చెల్లెమ్మా అని పిలిచేవాడు, అందుకని మాకు మామయ్య.

ఆ ఏడు మిర్చి విరగకాసింది. ఏ కళ్లం చూసినా ఎర్రగా పరుచుకుని ఉండేది. కొత్త సరుకు ఇంత వస్తే, ధర బాగుంటుందని నాన్న కొని దాచిన పాత సరుకును అడిగేవాడు ఉండడు. నాన్న అన్నం సరిగ్గా తినడం మానేశాడు.

ఒక సాయంత్రం పాటలు అవుతుండగానే నాన్న రేడియో కట్టేశాడు.

"వాల్వు పోయినట్టుంది. బెజవాడ పంపించాలి," అన్నాడు. రైతులు కాసేపు కూర్చుని లేచిపోయారు. అందరూ వెళ్లాక నాన్న పెట్టెను లోపలి గదిలోకి తెచ్చాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. చెవి పెట్టె ముందున్న గుడ్డతెరకు ఆనించి, దాని గొంతు బాగా తగ్గించి విన్నాడు. తుఫాను, బందరు, భారీ వర్షాలు అన్న మాటలు గుమ్మంలో ఉన్న నాకూ, నా వెనక నిలబడ్డ అమ్మకూ వినిపించాయి.

"వాళ్లకు చెప్పరా?" అంది అమ్మ.

నాన్న మీట తిప్పి దీపం ఆర్పేశాడు.

మర్నాడు పొద్దున మబ్బుతునక లేదు. ఊళ్లోనే పడుకున్న సీతయ్య మామయ్య బండి కట్టుకుంటుంటే, అమ్మ మజ్జిగ చెంబుతో అరుగు మీదికి వచ్చింది. మగవాళ్లు కూర్చునే వేళ అమ్మ అక్కడికి రావడం నేనెప్పుడూ చూడలేదు.

"అన్నయ్యా, తుఫానంట. ఇయ్యాలే కాయ ఎత్తేసుకో."

"తుఫానేందమ్మా, ఆకాశం అద్దంలాగుంటే!" అని మామయ్య నవ్వాడు. నవ్వుతూనే కొట్లోకి తల పెట్టి అడిగాడు. "చెల్లెమ్మ వానొస్తదంటంది. నిజమేనాండీ?"

నాన్న త్రాసు మీంచి తల ఎత్తకుండా అన్నాడు: "రేడియో పలకందే దానికెట్లా తెలుస్తదయ్యా? ఆడాళ్ల మాటలకేం. పచ్చిగా ఉండగా ఎత్తావంటే కుళ్లిపోద్ది. ఆరనియ్యి."

"అదే నేనూ అనుకున్నా," అని మామయ్య చెంబు అమ్మ చేతికిచ్చి బండెక్కాడు. అమ్మ చెంబు పట్టుకుని అక్కడే నిలబడింది. ఆమె అబద్ధం చెప్పిందన్నట్టు అరుగు మీద ఇద్దరు ముగ్గురు నవ్వుకున్నారు.

ఆ రాత్రి నుంచే గాలి మొదలైంది. తరవాత వాన ఊపిరి తీసుకోకుండా కురిసింది. మున్నేరు ఎర్రగా పొంగి, కళ్లాల్లో కాయ నీళ్లమీద తేలిందని చెప్పుకున్నారు. తెరిపిచ్చాక బళ్లు వచ్చాయి. బస్తాలు విప్పితే అంతా తెల్లబారిన తాలు కాయే, ఎవరూ కొనరు. సీతయ్య మామయ్య సరుకును నాన్న గుప్పెడు తీసి వాసన చూసి పక్కన పోశాడు.

"ఏం చేస్తాం సీతయ్యా, దైవం," అన్నాడు.

మామయ్య తలుపు వైపు తిరిగి, "చెల్లెమ్మా, నువ్వు చెప్పావు తల్లీ," అన్నాడు. అరుగు మీద కూర్చోకుండానే వెళ్లిపోయాడు. ఎడ్లను అమ్ముకున్నాడనీ, కౌలు పోయిందనీ, భార్యాభర్తలిద్దరూ సున్నపురాయి కొట్టే పనికి పోతున్నారనీ తరవాత తెలిసింది. అమ్మ ఒకసారి బియ్యం పంపిస్తే మూట విప్పకుండా తిప్పి పంపారు.

మా పాత సరుకు మంచి ధరకు పోయింది. వేసవికి ఇంటి మీద మేడ లేచింది. "వాల్వు" బాగైంది, అరుగు మళ్లీ నిండింది. రేడియో మొదలవగానే అమ్మ వత్తుల పళ్లెం తీసుకుని పెరట్లో బావి దగ్గరికి వెళ్లిపోయేది. బతికినన్నాళ్లూ మళ్లీ ఒక్క పాట వినలేదు. నాన్నకు అన్నం పెట్టింది, జబ్బు చేస్తే సేవ చేసింది. ఆయనతో నవ్వగా మాత్రం నేను చూడలేదు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి ఆయన. ఆ ప్రేమను ఏం చేసుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

మొన్న ఆటో దిగి మా వీధిలో నడిచాను. రోడ్డు వెడల్పులో అరుగు పోయింది. వీధిలోని పెంకుటిళ్లూ, మా రేడియో ఏరియల్ తీగా, బళ్లు విప్పే ఖాళీ స్థలమూ ఏవీ లేవు. తుఫాను కబురు ఇప్పుడు ఎవరి జేబులో వాళ్లకే మోగుతుంది, ఇంకొకరి మొహం చూడక్కర్లేదు. ఎదురింటి ముసలాయన నన్ను పోల్చుకుని, కుర్చీ వేయించి, చేతులు జోడించాడు.

"మీ నాన్నగారు దేవుడండి. ఊరందరికీ వాన కబురు చెప్పేవారు."

మా అమ్మ మీకు గుర్తుందా అని అడిగాను. ఆయనకు ఆమె పేరు కూడా గుర్తు రాలేదు.