ఉన్నదున్నట్టు

ఆ ఆసుపత్రిలో ఆయన్ని అందరూ గుంభనంగారు అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. మెయిల్ సర్వర్ చూసుకునే ఉద్యోగం, పదిహేడేళ్ళ సర్వీసు. మెట్ల కింద, ఉతికిన దుప్పట్లు పేర్చే గదిని ఆనుకుని ఓ ఇరుకు గది ఆయనది. అందులో ఓ యంత్రం, ఓ ఏసీ, ఓ కుర్చీ. రెండో కుర్చీ కూడా ఉండేది గాని, ఎవరైనా వచ్చి కూర్చుంటారేమోనని ఆయనే దాన్ని దుప్పట్ల గదిలోకి నెట్టేశాడు.

నోరు విప్పాలంటే ఆయనకు ప్రాణం మీదికొచ్చేది. పక్కగదిలో మనిషితో పని పడినా మెయిలే రాసేవాడు. క్యాంటీన్‌లో టీ చల్లారిపోయిందని మెయిలు. లిఫ్టులో తన కాలు తొక్కిన కాంపౌండరుకి, పర్వాలేదండీ అని మెయిలు. సాయంత్రం ఆలస్యమవుతుందని ఇంటికి మెయిలు. "మీ నోట్లో మాట వినాలంటే ముందు నేను ఇన్‌బాక్స్ తెరవాలి" అనేది భార్య. పెళ్ళయిన కొత్తలో అయితే నవ్వుతూ అనేది.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకు తనంటే తనకే మహా గౌరవం. మూడు వందల నలభై మంది ఉత్తరాలు తన చేతికింద ఉన్నా ఏ ఒక్కటీ తెరిచి చూడలేదు. పాస్‌వర్డులైతే చూద్దామన్నా కనపడవు. సర్వర్ వాటిని ఉన్నవున్నట్టు దాచదు. నలగ్గొట్టి, గుర్తుపట్టడానికి వీల్లేని ముద్ద చేసి, ఆ ముద్దని దాచుకుంటుంది. మళ్ళీ మీరు పాస్‌వర్డ్ కొట్టినప్పుడు దాన్నీ అలాగే నలగ్గొట్టి, రెండు ముద్దలూ ఒకటేనా అని చూస్తుంది. ఇంత పెద్దమనిషి తరహా యంత్రాన్ని చూసుకుంటున్నందుకు తానూ పెద్దమనిషినేనని ఆయన నమ్మకం. పెద్దమనిషితనం ఆయనది కాదు, యంత్రానిది. ఆ సంగతి తేలడానికి పదిహేడేళ్ళు పట్టింది.

ఆసుపత్రి సూపరింటెండెంటుకి ఓ దగ్గుండేది. జబ్బు దగ్గు కాదు, హోదా దగ్గు. ఎవరి పరువైనా తీయబోయే ముందు రెండుసార్లు దగ్గేవాడు. ఎదుట సార్ అంటూ వంగినవాళ్ళంతా చాటుకెళ్ళాక ఆయన్ని దగ్గుగాడు అనే పిలిచేవాళ్ళు. గుంభనంగారు ఎలాగూ ఎవరినీ ఏమీ అనడు కాబట్టి ఆయన అనలేదు.

రెండో అంతస్తులో మూడు పాత స్కానింగ్ యంత్రాలున్నాయి. రిపోర్టులు అవే డాక్టర్లకి మెయిలు చేయాలని సూపరింటెండెంటుకి ఆలోచన పుట్టింది. చిక్కల్లా ఏమిటంటే, వాటికి వచ్చింది పాతకాలపు పద్ధతి ఒక్కటే: పాస్‌వర్డ్‌ని ఏ ముసుగూ లేకుండా ఉన్నదున్నట్టు సర్వర్‌కి పంపడం. సర్వరేమో అలా వచ్చినవాటిని గుమ్మంలోంచే గెంటేస్తుంది.

"ఏమయ్యా గుంభనం, కొత్త యంత్రాలు కొనేది లేదు. నీ సర్వర్నే వాటి దారికి తీసుకురా" అన్నాడు సూపరింటెండెంటు, రెండుసార్లు దగ్గి. "అందరికీ ఒకటే పద్ధతి పెట్టెయ్. దాచడం కూడా ఉన్నదున్నట్టే దాచు, ఎవడైనా మర్చిపోతే చూసి చెప్పొచ్చు. ఆ ఫైలు శనివారం నుంచి నా కంప్యూటర్లోనూ తెరుచుకోవాలి. ఇంకోటి, తప్పు పాస్‌వర్డ్ కొట్టినవాడు ఏం కొట్టాడో అక్షరం పొల్లుపోకుండా తెర మీద పడాలి."

"సరిగ్గా కొట్టినవాళ్ళవి సార్?"

"అవెందుకయ్యా? దొంగెవడో తెలియాలి గాని దొరలతో నాకేం పని?"

ఇది కూడదని చెప్పడానికి గుంభనంగారికి నూటొక్క కారణాలున్నాయి. గదికెళ్ళి నాలుగు పేజీల మెయిలు రాశాడు. "చూశాను. శుక్రవారానికి పూర్తి చేయి" అని జవాబొచ్చింది. అంతే, ఐదో పేజీ రాయలేదు. పని కూడా పెద్దదేం కాదు. సర్వర్ లోపల ఓ వరసలో 'వద్దు' అని ఉన్నచోట 'సరే' అని మార్చాలి, ఇంకో రెండు వరసలు కలపాలి. టీ వేడిగా ఉండగానే అయిపోయింది.

తర్వాత అందరికీ నోటీసు పంపాడు. కొత్త పాస్‌వర్డులు పెట్టుకోవాలి, పన్నెండు అక్షరాలకి తగ్గకూడదు, ఇంగ్లీషు అక్షరాల్లో ఏ భాషైనా రాసుకోవచ్చు. మర్చిపోకుండా ఉండాలంటే రోజూ మనసులో అనుకునే మాటే పెట్టుకోండి అని ఓ సలహా కూడా రాశాడు. చివర్లో, మీ పాస్‌వర్డ్ ఎవరూ చూడరు అన్నాడు. అది పాత నోటీసులో వాక్యం. తీసేయాలని తెలిసే ఉంచేశాడు, తీసేస్తే ఎందుకు తీశావని నలుగురూ వచ్చి అడుగుతారని.

ఆ సలహాని తు.చ. తప్పకుండా పాటించింది ఫైళ్ళ పెద్దమ్మ.

రోగుల పాత ఫైళ్ళుండే గది ఆవిడ రాజ్యం. ముప్పయ్యేళ్ళ కిందట ఎవరి కాలు విరిగిందో, ఏ కాలు విరిగిందో కూడా చెప్పగలదు. వయసు అరవై దాటింది. ఏటా సూపరింటెండెంటు సంతకం పెడితే ఇంకో ఏడాది ఉద్యోగం, లేకపోతే ఇంటికి. ఆవిడకి ఆ ఉద్యోగం కావలసింది తన కోసం కాదు. చెల్లెలి కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి రెండుసార్లు మూడో అంతస్తులో డయాలిసిస్. సిబ్బంది ఇంటి మనిషి కాబట్టి ఆ మంచం దక్కింది. ఉద్యోగం పోతే మంచం పోతుంది, మంచం పోతే చెల్లెలు పోతుంది. ఇది ఆసుపత్రిలో అందరికీ తెలుసు, సూపరింటెండెంటుకి ఇంకా బాగా తెలుసు. అందుకే సంతకం వారం వచ్చిందంటే ఆవిణ్ణి తన గుమ్మం దగ్గర పొద్దుటినుంచి నిలబెట్టి, దగ్గి, "చూద్దాం" అనేవాడు. ఈ ఏడు ఆ కాగితం సోమవారం సంతకానికి రావాలి.

గుంభనంగారి గదికి పనిలేకుండా వచ్చే మనిషి లోకంలో ఆవిడొక్కతే. దుప్పట్ల గదిలోంచి ఆ కుర్చీని ఈడ్చుకొచ్చి మరీ కూర్చునేది. ఆయన పలకకపోయినా ఆవిడకి లోటుండేది కాదు, ఇద్దరి మాటలూ తానే మాట్లాడేది.

"నాయనా, రోజూ అనుకునే మాట పెట్టమన్నావుగా, పెట్టేశాను. ఏం హాయిగా ఉందో! వేళ్ళు వాటంతటవే పరిగెడుతున్నాయి" అంది గురువారం నాడు. కడుపారా నవ్వింది కూడా.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి, అందరివీ వచ్చాయో లేదో చూద్దామని గుంభనంగారు ఆ ఫైలు తెరిచాడు. వరసలు లెక్కపెట్టి మూసేద్దామనుకున్నాడు. కళ్ళు ఊరుకుంటాయా? పెద్ద సర్జనుగారిది, నేనే దేవుణ్ణి. హెడ్ నర్సుది, నిద్ర కావాలి నిద్ర. పదిహేడేళ్ళ పెద్దమనిషి ఒక్కో వరసా కిందికి జరుపుకుంటూ, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు. పెద్దమ్మ వరస దగ్గర నవ్వు ఆగిపోయింది.

దగ్గుగాడు ఎప్పుడు పోతాడో.

రేపు పొద్దున ఈ ఫైలు దగ్గుగాడి బల్ల మీదే తెరుచుకుంటుంది. ఎల్లుండి కాదు ఆవలెల్లుండి సంతకం. గుంభనంగారికి ముచ్చెమటలు పోశాయి. కాసేపు ఏసీ కేసి చూశాడు. తర్వాత ఆ వరస చెరిపేసి, చెల్లెలి ఆరోగ్యం అని రాశాడు. అదీ ఆవిడ రోజూ అనుకునే మాటేగా అనిపించి, తన మంచితనానికి తనకే కళ్ళు చెమర్చాయి.

ఇక ఆవిడకి చెప్పాలి. మూడో అంతస్తు ఎక్కాడు. తలుపు అద్దంలోంచి చూస్తే, డయాలిసిస్ యంత్రం తగిలించుకుని పడుకున్న చెల్లెలి పాదాలు పెద్దమ్మ ఒళ్ళో పెట్టుకుని రాస్తోంది. చుట్టూ నలుగురు రోగులు, ఓ నర్సు. లోపలికెళ్ళి పెద్దమ్మా ఓసారి ఇలా రా అంటే చాలు. కానీ పాస్‌వర్డ్ ఎందుకు మార్చావంటే? నువ్వు చదివావా అంటే? ఎవరూ చూడరన్నావుగా అంటే? తలుపు మీద చెయ్యేసి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. దిగొచ్చి, అలవాటైన పని చేశాడు. పెద్దమ్మా, మీ పాస్‌వర్డ్ మార్చాను, కొత్తది ఇది, పాతది ఎక్కడా కొట్టకండి అని మెయిలు రాసి పంపేసి, బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నాడు.

శనివారం పది గంటలకి ఆసుపత్రి పాలకమండలి వచ్చింది. హాల్లో పెద్ద తెర కట్టారు. తెరకి ఎడమవైపు మెయిలు, కుడివైపు సర్వర్ రాసుకునే చిట్టా. దొంగని ఎలా పట్టుకుంటుందో వాళ్ళకి చూపించాలని సూపరింటెండెంటు ముచ్చట. సిబ్బంది గోడల వెంట నిలబడ్డారు. మెయిలు తెరిచి చూపించడానికి ఓ డాక్టర్ లేవబోతుంటే, సూపరింటెండెంటు రెండుసార్లు దగ్గాడు.

"మీరొద్దు డాక్టర్‌గారూ. మన ఫైళ్ళ పెద్దమ్మని పిలుద్దాం. ఆవిడకే వచ్చిందంటే ఇంక గోడలకి కూడా వచ్చినట్టే."

అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వుతూ వచ్చి కూర్చుంది. తెర పక్కన వైర్ల దగ్గరున్న గుంభనంగారు, మెయిలు చూసుకునే ఉంటుందిలే అనుకున్నాడు. ఆవిడ వేళ్ళు పరిగెత్తాయి. అప్పుడు తట్టింది ఆయనకి. కొత్త పాస్‌వర్డ్ ఆయన రాసింది ఆవిడ మెయిల్లో. ఆ మెయిలు తెరవాలంటే కావలసింది ఆ కొత్త పాస్‌వర్డే.

తెర మీద కుడివైపు ఓ వరస పడింది. తప్పు పాస్‌వర్డ్. కొట్టిన మాట ఇది.

పాతది పాతగా వదిలేసి ఉంటే ఆవిడ నిక్షేపంగా లోపలికి వెళ్ళేది, కుడివైపు ఒక్క అక్షరం పడేది కాదు. ఫైలు సంగతి తర్వాత ఏమయ్యేదో గాని, ఇంతమందిలో ఇలా మాత్రం అయ్యేది కాదు.

పెద్దమ్మ కుడివైపు చూడలేదు. వేలు తప్పు పడిందనుకుని మళ్ళీ కొట్టింది. రెండో వరస పడింది. మండలిలో ఓ ముసలాయన కళ్ళజోడు పైకెత్తి, ఒకటో తరగతి పిల్లాడిలా కూడబలుక్కున్నాడు. "ద... గ్గు... గా... డు..." వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గోడ పక్కనున్న నర్సు జాలిపడి, "పెద్దక్షరాల బటన్ నొక్కుకుందేమో చూసుకోండి" అంది. పెద్దమ్మ ఆ బటన్ నొక్కి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మూడోసారి కొట్టింది. ఈసారి అంతా పెద్ద అక్షరాల్లో పడింది.

వైరు గుంభనంగారి చేతికి జానెడు దూరంలో ఉంది. పీకలేదు.

హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. రోజూ ఆ మాట అనేవాళ్ళే అందరికంటే గట్టిగా నవ్వారు. సూపరింటెండెంటు మాత్రం నవ్వలేదు, దగ్గలేదు. తన కంప్యూటర్లో ఆ ఫైలు తెరిచి, ఆవిడ వరస వెతికి, పైకి చదివాడు. "చెల్లెలి ఆరోగ్యం. ఇదీ ఆవిడ పాస్‌వర్డ్. ఇది తెలిసుండి, పెద్దల ముందు, ఒకసారి కాదు, మూడుసార్లు!"

పెద్దమ్మ లేచి నిలబడింది. ఇప్పుడు తెర చూసింది. "అయ్యో, కావాలని కొట్టలేదు సార్. నా పాస్‌వర్డే అది. నిజంగా అదే సార్" అంది. తనని కాపాడుకోవడానికి ఆవిడ దగ్గరున్న నిజం అదొక్కటే. దాంతో నవ్వు ఇంకో రెండింతలయింది.

"ఏమయ్యా గుంభనం" అన్నాడు సూపరింటెండెంటు. "ఫైలు తప్పా?"

పెద్దమ్మ ఆయన వైపు ఆశగా చూసింది. ఈ నాయనకి అంతా తెలుసు, చెప్తాడు అన్న ధీమా ఆ మొహంలో ఉంది. మార్చింది నేనే సార్ అంటే చాలు. అంటే ఆయన ఉద్యోగం పోవచ్చు, పోకపోవచ్చు. దొంగతనంగా చదివాడన్న మాట మాత్రం ఆ హాల్లోంచి బయటికొస్తుంది. గుంభనంగారు గొంతు సవరించుకున్నాడు.

"ఫైలు తప్పు కాదు సార్" అన్నాడు.

సోమవారం ఆ కాగితం సంతకానికి వెళ్ళలేదు. చెల్లెలి మంచం నెలాఖరు వరకేనని మూడో అంతస్తుకి కబురొచ్చింది. మంగళవారం ఫైళ్ళ గది తాళాలు అప్పగించి, పెద్దమ్మ మెట్ల కింద గదికొచ్చింది. దుప్పట్ల గదిలోంచి కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. ఇద్దరి మాటలూ తానే మాట్లాడే మనిషి దగ్గర ఒకరి మాటలూ లేవు.

"నువ్వే ఫైలు తప్పు కాదన్నాక ఇంకేముంది, పెట్టింది ఒకటి, కొట్టింది ఒకటి. నా పాపిష్టి వేళ్ళు నాయనా" అంది చివరికి. "సరిగ్గా కొట్టుంటే లోపలికి పోయేదాన్నేగా. చెల్లెల్ని ఈ చేతులతోనే..." అని ఆ చేతులకేసి చూసుకుంది.

గుంభనంగారి ముందు తెర మీద ఆవిడ మెయిలు పెట్టె తెరిచే ఉంది. ఉద్యోగం మానినవాళ్ళ పెట్టెలు చెరిపేయడం ఆయన పని. చదవనివి ఒకటి అని కనపడుతోంది, శుక్రవారం నాటిది.

"నాకేమన్నా ఉత్తరాలొచ్చాయా అందులో?" అని అడిగింది పెద్దమ్మ. "బయట ఆసుపత్రులకి రాశాను, చెల్లెలికి మంచమిస్తారేమోనని. శనివారం నుంచి కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు, చూసుకోలేకపోయాను."

"ఏమీ రాలేదు పెద్దమ్మా" అన్నాడు. మెయిలు రాయకుండా, నోటితోనే చెప్పాడు.

ఆవిడ తలూపి, కుర్చీని మళ్ళీ దుప్పట్ల గదిలోకి ఈడ్చి, ఉన్నచోటే పెట్టి వెళ్ళిపోయింది. చదవని ఉత్తరం ఒకటుంది, అయినా చెరిపేయాలా అని సర్వర్ అడిగింది. ఆయన సరే అని కొట్టాడు.