మరిగే పాలల్లో క్యాప్సూల్

ఆదివారం విజయవాడలో మా అమ్మాయి సింధుకి ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. ఈ రోజు పొద్దున తుమ్ములతో, బొంగురు గొంతుతో లేచింది. ప్రాక్టీసు పెరిగినప్పుడల్లా ఇలా జలుబు పట్టుకుంటోందనే, తిరువూరు గ్రౌండ్‌లో నేర్పే కోచ్ గారు నెల క్రితం ప్రోబయోటిక్ క్యాప్సూళ్లు వాడి చూడమన్నారు. ఒక్కరోజు కూడా తప్పకుండా ఇచ్చి, క్యాలెండర్‌లో టిక్కులు పెట్టాను. అయినా ఇలా అయిందేంటని ఆయనకు ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టాను.

"ఎలా ఇస్తున్నారమ్మా?"

"మింగలేనంటుంది సార్. విప్పి, మరిగే పాలల్లో కలిపి ఇస్తున్నాను."

"అందులో ఉండేది బతికున్న మంచి బ్యాక్టీరియా అమ్మా. ఆ వేడికి బతకదు. సరిగ్గా ఇచ్చినా జలుబు రాదని గ్యారంటీ లేదనుకోండి" అన్నారు.

పక్కనే ఆవిరి పడుతున్న సింధు దుప్పట్లోంచి తల బయటపెట్టి, "అమ్మా, మనింట్లో పెరుగు తోడుపెట్టేది నువ్వే కదా?" అంది.

పాతికేళ్లుగా పాలల్లో వేలు ముంచి చూసి, గోరువెచ్చగా ఉంటేనే తోడు వేసే మనిషిని నేను. క్యాప్సూల్ దగ్గర మాత్రం ఆ సంగతే తట్టలేదు. ఆదివారానికి ఇంక మూడు రోజులే. మిరియాల చారు పెట్టడం తప్ప నా చేతుల్లో ఏమీ లేదు.

ఇంత శ్రద్ధగా, నెలరోజులు టిక్కులు పెట్టుకుంటూ తప్పు చేసినవాళ్లు మీలో ఇంకెవరైనా ఉన్నారా?