పెడనలో సైబీరియా మంచు

మా తాతయ్య శివరామయ్యకి లోకంలో ఒక్కడే ముద్దాయి: సైబీరియా మంచు. పెడనలో కలంకారీ అద్దకం షెడ్డు నడుపుతూ, పొద్దున లేస్తూనే ఫోన్లో మంచు పటం చూసే తాత బందరు నుంచి అవనిగడ్డ దాకా ఇంకెవరికైనా ఉన్నాడేమో చూపించండి.

కాఫీ చల్లారిందా? సైబీరియా. గుడివాడ బస్సు రాలేదా? సైబీరియా.

"మీ మోకాళ్ళ నొప్పి కూడానా అండీ?" అంటుంది నాయనమ్మ వీరలక్ష్మి.

"ఎడమది సైబీరియా. కుడిది నువ్వు కట్టించిన మెట్లు."

ఇంటర్ సగంలో వదిలేసిన నాకు పాఠం కూడా చెప్పాడు. కాలవగట్టున ఆరేసిన తెల్లగుడ్డ చూపించాడు.

"కళ్ళు జిగేల్‌మంటున్నాయా? ఎండని వెనక్కి కొట్టేస్తోంది. నేలమీద పరుచుకున్న మంచూ అంతేనే. నేల వేడెక్కదు. దాని మీది గాలి చల్లబడి బరువెక్కుతుంది. ఆ దెబ్బకి పైన పరుగెత్తే గాలులు మెలికలు తిరిగి, ఒకచోటికి పోవాల్సిన చలి ఇంకోచోటికి పోతుంది."

"పెడనకా?"

"పెడన భూమ్మీద లేదా ఏంటి?"

ఆ మంచు ప్రభావం ఎంత దూరం పోతుందో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారట. తాతయ్య ఎప్పుడో తేల్చేశాడు.

మొన్న జనవరిలో మా షెడ్డులో పనిచేసే దుర్గ పొరపాటు చేసింది. పటిక అచ్చు వేసిన గుడ్డని కాలవలో బాగా జాడించాకే ఎర్రరంగులో ఉడకబెట్టాలి. పాపకి జ్వరమని కబురొచ్చేసరికి దుర్గ సగమే జాడించి పరుగెత్తింది. అది తెలీక మిగతావాళ్ళు అలాగే ఉడకబెట్టేశారు. రంగు పాకింది. గుడ్డమీది నెమళ్ళన్నీ కిళ్ళీ నమిలినట్టు తయారయ్యాయి.

బందరు షావుకారు సోమేశ్వరరావు గారు గుడ్డ విసిరికొట్టారు.

"ఎవరి పని ఇది? ఆ మనిషిని తీసేస్తేనే మీకు మళ్ళీ ఆర్డరిచ్చేది!"

దుర్గ కొంగు నలుపుతూ నిలబడిపోయింది. తాతయ్య ఫోన్ తీశాడు.

"కూర్చోండి. మొన్న అక్టోబర్లో సైబీరియాలో..."

"మరకకీ మంచుకీ ఏంటండీ సంబంధం?"

"అక్కడికే వస్తున్నా. ఈ తెలుపు చూశారా?"

సోమేశ్వరరావు గారు టీ తాగారు. మళ్ళీ టీ తాగారు. తాతయ్య ఇంకా హిమాలయాలు దాటలేదు. చివరికి ఆయనే లేచి దణ్ణం పెట్టారు.

"తప్పు మంచుదే! మళ్ళీ అద్ది పంపండి. ఎవర్నీ తీసెయ్యక్కర్లేదు, నన్నొదిలేస్తే చాలు."

కారు మలుపు తిరిగాక దుర్గ తాతయ్య దగ్గరికొచ్చింది.

"తప్పు నాది బాబాయ్ గారూ..."

"పాపకి తగ్గిందా లేదా, ముందది చెప్పు."

తగ్గిందని చెప్పి, కళ్ళు తుడుచుకుని కొత్త గుడ్డ పరిచింది.

నేనూరుకోలేదు. "ఏం తాతయ్యా, పాపం, తప్పంతా ఊరకనే ఉన్న మంచు మీదకి తోసేశావేంటి?"

తాతయ్య కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"దానికేం నష్టమే? సైబీరియాని పనిలోంచి తీసేసేవాడెవడు?"