గరివిడి బావ చుట్లు

గాడిలో పరుగెత్తే కరెంటు బొమ్మకార్ల పందేలకు విజయనగరంలోని మా మేడగదికి ప్రతి ఆదివారం గరివిడి నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనేవాడు. ఆయన కారు ఎప్పుడూ ఆఖరే. చుట్లు లెక్కపెట్టే యాప్ నా ఫోన్‌లో ఉండేది. అందరి లెక్కా నేనే అరిచి చెప్పేవాణ్ణి. ఆ చిన్న అంకెలు ఆయన కళ్ళకు ఆనేవి కావు. పందెం ముగియగానే "బావా, ఎన్నయినాయి?" అని నావైపు వంగేవాడు.

నేను ఒకటి కలిపి చెప్పేవాణ్ణి. దానితో ఆయన స్థానం మారేది కాదు, ముఖం మాత్రం మారేది. లెక్కలో నేను తెలిసి చేసిన తప్పు అదొక్కటే.

ఒక ఆదివారం తన ఇంటి టీవీని దుప్పటిలో చుట్టి ఆటోలో తెచ్చాడు.

"అరిసి అరిసి నీ గొంతు పోతన్నాది బావా. దీనికి తగిలించీ, అందరం సూస్తాం."

వద్దనడానికి కారణం దొరకలేదు. ఫోన్‌కి వైరు కలిపాను. పందెం అయ్యేసరికి ఆయన పేరు పక్కన అరచేయంత అంకెలు: 38. అలవాటుగా నా నోటి వెంట ముప్పై తొమ్మిది వచ్చేసింది. ఆయన తెరను చూశాడు, నన్ను చూశాడు, కారు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఇక రాడనుకున్నాను. మరుసటి వారం వచ్చి, టీవీకి వీపు పెట్టి కుర్చీ వేసుకున్నాడు. పందెం ముగిసింది.

"బావా, ఎన్నయినాయి?"

"ముప్పై ఏడు," తెరమీద ఉన్నదే చెప్పాను.

"నా ఒక్క సుట్టు ఏటి సేసినావు బావా? కలుపు!"