నేను అభిమానించలేకపోయిన గాయకుడు

డెబ్బైల చివర్లో బాన్సువాడలోని ఒక బడిలో తెలుగు చెప్పడానికి వెళ్లాను. పెళ్లి కాలేదు, ఒంటరిదాన్ని. వరి, చెరకు పండించే ఒక పటేలు ఇంట్లో ముందు గది కిరాయికి దొరికింది. పటేలు భార్యను అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు చదువు రాదు. వంటింటి గూట్లో మాత్రం ఒక ట్రాన్సిస్టరు ఉండేది. దానికి ఆమె స్వయంగా పూలు కుట్టిన గలీబు తొడిగింది.

ఆ రోజుల్లో ఊరు ఊరంతా ఒక హిందీ సినిమా గాయకుడి వెంట పడింది. ఆయన పేరు చెప్పను. అభిమానులు ఇంకా ఉన్నారు, వాళ్లలో ఇద్దరు మా దగ్గరి చుట్టాలు. ఆయన ప్రతి చరణానికి ముందు ఒక నిట్టూర్పు విడిచేవాడు, చివర ఒక ఏడుపు ఏడ్చేవాడు. పాట మధ్యలో ఎక్కడో ఉండేది. మా నాన్నకు పద్యనాటకాల పిచ్చి. నాలుగు వీధుల అవతలికి వినపడితేనే అది గొంతు అని నమ్మిన ఇంట్లో పెరిగాను. ఈయన పాడుతుంటే నాకు ఎవరో జ్వరంతో పడుకుని మంచినీళ్లు అడుగుతున్నట్టు ఉండేది.

అక్కకు ఆయనంటే ప్రాణం. ఒకరోజు పోస్టుకార్డు పట్టుకుని నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"టీచరమ్మా, రేడియోకు జెర ఒక కార్డు రాసిపెట్టు. గాయిన పాట ఎయ్యమను. ఇగో, నా పేరు మాత్రం రాయకు."

"మరి ఎవరి పేరు రాయాలక్కా?"

"నీదే. నా పేరు రేడియోల చదివితే పటేలు ఇజ్జత్ ఏం గావాలె? ఎవలికి చెప్పనని ఒట్టెయ్యి."

ఒట్టేశాను. ఒక్క కార్డే కదా అనుకున్నాను.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం తలంటుకుంటున్నాను. శ్రోతలు కోరిన పాటల్లో, బాన్సువాడ నుంచి అంటూ, నా పేరు స్పష్టంగా చదివారు. తర్వాత ఆ నిట్టూర్పు వినపడింది. వంటింట్లో అక్క సంతోషంతో వేసిన గంతుకు గిన్నెలు కింద పడ్డాయి. నా కళ్లలోకి కుంకుడు రసం పోయింది.

సోమవారం నుంచి నా బతుకు మారింది. బస్టాండు దగ్గరి చాయ్ హోటలాయన నన్ను చూడగానే రేడియో గొంతు పెంచేవాడు. దవాఖానలో సూది వేసే కాంపౌండరు, "టీచరమ్మకు నొప్పి తెలువది, గాయిన పాట మతికి తెచ్చుకుంటే సాలు" అన్నాడు. తండా నుంచి రోజూ మూడు మైళ్లు నడిచి వచ్చే నా విద్యార్థిని ఒకతి, పాత క్యాలెండరులోంచి ఆయన బొమ్మ కత్తిరించి, అట్టకు అంటించి తెచ్చింది. వద్దంటే ఆ పిల్ల ముఖం చూడలేను. గోడకు తగిలించాను. పొద్దున లేవగానే ఆయనే కనపడేవాడు.

అక్క కార్డులు ఆగలేదు. "టీచరమ్మకు కావాలెనట" అని పటేలుతోనే తెప్పించేది. నిజం చెబుదామంటే ఒట్టు అడ్డం. ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. రోజూ అబద్ధం ఆడేకంటే ఆయన్ని నిజంగానే ఇష్టపడితే సరిపోతుంది. ఊళ్లో ఇంతమందికి నచ్చినవాడు నాకెందుకు నచ్చడు?

ఆ సాయంత్రమే అక్క దగ్గర పాఠం మొదలుపెట్టాను. ఆమె చాటలో బియ్యం ఏరుతూ, "కండ్లు మూసుకో. ఏమినవడుతుంది?" అంది.

"బర్రె అరుస్తోంది."

"గది మన బర్రెనే. పాటల ఏమినవడుతుందే?"

"ఏడుస్తున్నాడక్కా."

"ఏడుస్తలేడు. ఏడుపాపుకుంటుండు. రెంటికి ఫరక్ లేదా?"

వారం రోజులు ఆ ఫరకు కోసం వెతికాను. పరగడుపున విన్నాను, తిన్న తర్వాత విన్నాను. తెలుగు టీచరును కాబట్టి, పాటను మంచి గ్రాంథికంలోకి మార్చి చూశాను. నువ్వు పోయావు, నేను ఉన్నాను అన్నది తప్ప అందులో ఇంకేమీ మిగల్లేదు. ఎంత విన్నా నాకు మాత్రం జ్వరమే వినపడేది.

అప్పుడే బడి వార్షికోత్సవం వచ్చింది. హెడ్మాస్టరు పిలిపించాడు.

"ఇన్స్‌పెక్టరు సాబ్ వస్తుండు. ఆయనకు గూడ గీ పాటలంటే పానం. మీరొక్కటి పాడాలె."

"నాకు పాడటం రాదండీ."

"గంత అభిమానముండి పాడరాదంటే ఎవలు నమ్ముతరు టీచరమ్మా?"

ఎవరూ నమ్మరని నాకూ తెలుసు.

సాయంత్రం నాలుగు గంటలకు షామియానా కింద ఊరంతా కూర్చుంది. ఆడవాళ్ల వైపు మొదటి వరసలో అక్క, మగవాళ్ల వైపు పటేలు. నేను మైకు ముందు నిలబడి కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. భయానికి మా నాన్న గొంతు వచ్చేసింది. నిట్టూర్పు విడవాల్సిన చోట రాగం తీశాను. ఇన్స్‌పెక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. రెండో పాదం అందుకున్నానో లేదో, ముందు వరసలోంచి ఒక కేక వచ్చింది.

"గట్ల కాదు టీచరమ్మా! ఆడ దమ్మాపాలె!"

పాట ఆపేశాను. అక్క ఊరుకోలేదు. "ఆపి, మెల్లగ ఇడువాలె. జొన్నచేన్ల పిట్టలను కొట్టినట్టు పాడితే ఎట్ల?"

షామియానా అంతా నవ్వింది. నాకు ఇంకేం తోచలేదు. మైకులోనే, "అయితే నువ్వే పాడక్కా!" అన్నాను.

ఆమె ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. తర్వాత లేచి, కొంగు తల మీదికి లాక్కుని, నిలబడ్డచోటే పాడింది. హిందీ మాటలు సగం తప్పులు. గొంతు పొలం గట్టున కూలీలను పిలిచే గొంతు. కానీ మూడో చరణం దగ్గర ఆమె ఊపిరి ఆపినప్పుడు, వెనక గోల చేస్తున్న పిల్లలు కూడా ఆగారు. ఏడుపాపుకోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఇన్స్‌పెక్టరు ఇంకొకటి పాడమన్నాడు. హెడ్మాస్టరు నా వైపు తిరిగి, "మరి రేడియో కార్డులు?" అన్నాడు. "దస్తూరి నాది, పాట అక్కది" అని ఒప్పేసుకున్నాను.

అక్కకు అప్పుడు పటేలు గుర్తొచ్చాడు. ఇంటికి నడుస్తున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు. వెనక వస్తున్న పటేలు చివరికి నోరు విప్పాడు.

"కార్డులు తెచ్చిచ్చింది నేనే గద. టీచరమ్మ ఒక్కతే గన్ని కార్డులు ఏం జేస్కుంటదనుకున్నవ్? నాకు ఎప్పటిసందో ఎరుకే."

"మరి నాకెందుకు చెప్పలే?" అంది అక్క, భయం పోయి కోపం వచ్చి.

"చెప్తే పాట బంద్ చేస్తవని."

తర్వాత కార్డుల మీద అక్క పేరే రాశాను. ఊరు మాత్రం నన్ను వదల్లేదు. చాయ్ హోటలాయన నేను వినయం కొద్దీ తప్పుకున్నానని అందరితో చెప్పాడు. నేనూ కాదనలేదు, ఎందుకంటే ఆ మూడో చరణం కోసం నాకు తెలియకుండానే ఎదురు చూడటం మొదలైంది. మిగతా పాటంతా జ్వరమే. ఆ ఒక్క చోట మాత్రం చేతిలో పని ఆగేది.

ఈ మాట అక్కతో చెప్పడానికి చాలా నెలలు పట్టింది. ఆమె బోధన్‌లో చెల్లెలింటికి వెళ్లి, అక్కడ ఒక కొత్త సినిమా చూసి వచ్చిన రోజు చెప్పాను.

"ఇంక గాయిన ఏడుపేం ఇంటవ్ టీచరమ్మా!" అంది అక్క, చెప్పులైనా విప్పకుండా. "కొత్తాయిన వచ్చిండు. గాయిన పాడుతుంటే కాళ్లు ఆగయి!"

ఆ కొత్త పాటను కూనిరాగం తీసి వినిపించింది. లారీలోంచి రేకు డబ్బాలు జారిపడుతున్నట్టు ఉంది. నాకు ఒళ్లు మండింది. పాతాయన గొంతులో ఎంత నిగ్రహం ఉందో, ఊపిరి ఎక్కడ ఆపుతాడో, నేనే ఆమెకు వివరించసాగాను. అక్క ఒప్పుకోలేదు. ఇద్దరం గొంతులు పెంచాం. వంటింట్లో జొన్నరొట్టె తుంచుకుంటున్న పటేలు చాలాసేపు విని, "జెర వార్తలు పెట్టుండ్రి" అన్నాడు.