డెడ్ సెంటర్‌కి ఆముదం

చీపురుపల్లి చుట్టుపక్కల కూర్మయ్య లేత్ షెడ్డు తెలియని రైతు లేడు. నిరుడు ఆయన పోయాక భార్య దాలమ్మ ఆ షెడ్డు తెరిచింది. ఏళ్ల తరబడి మొగుడి పక్కన నిలబడి నేర్చిన పనే, అయినా ఊరికి నమ్మకం కుదరలేదు. సొంత అన్న జగన్నాధానికి అసలే కుదరలేదు. లేత్ అమ్మేయమని పోరి, కొనేవాణ్ణి కూడా తనే వెతికిపెట్టాడు. చివరికి ఒక మాట అనుకున్నారు. అతని పంపుసెట్టుకి కొత్త షాఫ్టు దాలమ్మ చేయాలి. చెడిందా, సాయంత్రానికల్లా లేత్ వ్యాను ఎక్కుతుంది.

షాఫ్టు ఒక కొస, దాన్ని పట్టి తిప్పే చక్కులో బిగించి ఉంది. రెండో కొసను మొనదేలిన ఉక్కు ముక్క ఆపుతోంది. దాన్నే డెడ్ సెంటర్ అంటారు. కాపురానికొచ్చిన కొత్తలో ఆ పాడు పేరేమిటని దాలమ్మ మూతి ముడిస్తే కూర్మయ్య నవ్వాడు.

"సచ్చిందని కాదే. షాఫ్టుతో పాటు తిరిగే సెంటర్ని లైవ్ అన్నారు, కదలకుండా ఉన్నదాన్ని డెడ్ అన్నారు. తిరగదు గాబట్టే దీనికి రాపిడెక్కువ. ఆముదం మరిసిపోనావా, కాలిపోయి షాఫ్టుకి అతుక్కుపోతాది."

ఇప్పుడు సరిగ్గా ఆ మొన దగ్గరే సన్నగా పొగ లేచింది. అన్న నెత్తిమీద నిలబడేసరికి కంగారులో దాలమ్మ ఆముదమే మరిచింది. చెయ్యి స్విచ్చి మీదికి పోయింది.

"ఆపకే! గాలొస్తన్నాది, కరెంటు పోతాది. ఇంక బెత్తెడే గదా, లాగీ!" కసిరాడు జగన్నాధం.

"కాలిపోతాదన్నా!"

ఆపేసింది. వేడికి షాఫ్టు సాగి మొనను నొక్కేస్తోంది. బిగింపు కాస్త వదులు చేసి, ఆముదం పోసి, కొస తుడిచి చూసింది. రంగు మారిందే గానీ గీత పడలేదు. ప్రాణం లేచొచ్చింది. స్విచ్చి వేసింది. కరెంటు లేదు.

"సెప్పానా!" అన్నాడు జగన్నాధం.

దాలమ్మకు ఒళ్లు మండింది. "సెప్పింది సాలు. ఆ బెల్టు పట్టుకుని తిప్పు. నీ బావ అలాగే తిప్పేవోడు."

జగన్నాధం గొణుక్కుంటూనే బెల్టు లాగాడు. షాఫ్టు నెమ్మదిగా తిరిగింది. దాలమ్మ చెక్కే టూల్‌ను జరుపుతూ, ఆముదం చుక్కలు వేస్తూ పోయింది. అన్న చేతులు బొబ్బలెక్కాయి. ఆపమని ఆమె అనలేదు, ఆపుతానని అతనూ అనలేదు. చివరికి బేరింగు తొడిగితే చక్కగా కూర్చుంది.

కొనేవాడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"రాకురా. లేత్ అమ్మట్లేదు," అన్నాడు జగన్నాధం.

మరి ఎవరు నడుపుతారని అవతల అడిగినట్టున్నాడు.

"మా సెల్లి," అని, అరచేతులు ఊదుకున్నాడు.